క్లియోపాత్రా తండ్రి అప్పుల చిట్టా: పన్నెండో టోలెమీ రోమ్ దగ్గర ఏం కొన్నాడు?

క్రీ.పూ. 60 ప్రాంతం. అలెగ్జాండ్రియాలో ఒక రోమన్ చేతిలో పిల్లి చచ్చిపోయింది. కావాలని చంపలేదు, పొరపాటున జరిగింది. కానీ ఈజిప్షియన్లకు పిల్లి అంటే దేవతతో సమానం. చూస్తుండగానే అతని ఇంటి మీదికి జనం వచ్చిపడ్డారు. రాజుగారు అధికారులను పరుగెత్తించి, వదిలెయ్యమని బతిమాలించాడు. ఎవరూ వినలేదు. రోమ్ అంటే ఉన్న భయం కూడా పనిచెయ్యలేదు. ఆ రోమన్ ప్రాణం దక్కలేదు.

ఇది కళ్లారా చూశానని రాసిన గ్రీకు చరిత్రకారుడు డయోడొరస్, పక్కనే ఇంకో ముక్క చేర్చాడు: అప్పటికి రోమ్ ఈ రాజును ఇంకా "మిత్రుడు" అని పిలవలేదట. ఇటలీ నుంచి వచ్చిన రాయబారులను మంచి చేసుకోవడానికి ఊరు ఊరంతా నానా తంటాలు పడుతున్న సమయమట.

ఆ రాజు పన్నెండో టోలెమీ. క్లియోపాత్రా తండ్రి. "మిత్రుడు" అనే ఆ ఒక్క మాట కోసం ఆయన చేసిన అప్పు దేశాన్ని కుదిపింది, కూతురి ప్రాణం తీసింది, ఆయన పోయాక కూడా తీరలేదు. క్లియోపాత్రా అసలు ఏ జాతి మనిషి అనే గొడవ ఎప్పుడు లేచినా ఈయన పేరు ఒకసారి వచ్చి పోతుంది. ఆయన కథ మాత్రం ఎవరూ పూర్తిగా చెప్పరు.

## గ్రీకు వంశంలో ఫారో (ఈజిప్టు రాజు) ఎలా?

క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ చనిపోగానే సేనానులు రాజ్యాన్ని పంచుకున్నారు. ఈజిప్టు టోలెమీ అనే మాసిడోనియా సేనాని చేతికొచ్చింది. ఆ వంశం క్రీ.పూ. 30 వరకు ఏలింది. రాజులందరికీ టోలెమీ అనే పేరే. ఆడవాళ్లకు ఎక్కువగా క్లియోపాత్రా, బెరెనీకే, అర్సినోయే. ఒకటో టోలెమీ, పన్నెండో టోలెమీ అనే అంకెలు మన కాలపు చరిత్రకారులు తగిలించినవి. ఆ రోజుల్లో బిరుదులతో, ఎగతాళి పేర్లతో గుర్తుపట్టేవాళ్లు.

ఈ వంశం పేరు మనకు మరీ కొత్తది కాదు. అశోకుడి పదమూడో శిలాశాసనంలో కనిపించే "తురమాయ" రెండో టోలెమీయే. ఆ శాసనాల వరస కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉంది.

ఈ రాజులది రెండు ముఖాల ఏలుబడి. అలెగ్జాండ్రియాలో గ్రీకు మాట్లాడే గ్రీకు రాజులు. నైలు నది ఎగువన గుడి గోడల మీద రెండు కిరీటాల ఫారోలు. ఈ వంశంలో ఈజిప్టు భాష నేర్చుకున్న మొదటి మనిషి క్లియోపాత్రాయేనని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అంటే సుమారు మూడు వందల ఏళ్లు జనం భాష రాకుండానే రాజ్యం నడిచిందన్నమాట.

## పిల్లనగ్రోవి కాదు, సన్నాయి

పన్నెండో టోలెమీకి జనం పెట్టిన పేరు "ఔలెటీస్". దీన్ని చాలామంది "వేణువు ఊదేవాడు" అని తర్జుమా చేస్తారు. అది పొరపాటు. ఆ పేరు ఔలోస్ నుంచి వచ్చింది. ఔలోస్ అనేది నాలుక ఉన్న వాయిద్యం, ఒకేసారి రెండు గొట్టాలు ఊదాలి. మన సన్నాయికి దగ్గర, వేణువుకి దూరం. ఊదుతుంటే బుగ్గలు ఉబ్బుతాయి. అది వాయించడం పాటగాళ్ల గుంపుకి వెనక ఉండే కూలి కళాకారుల పని, రాజులు చేసేది కాదు. ఈయన కోటలోనే పోటీలు పెట్టి తానూ దిగేవాడని భూగోళవేత్త స్ట్రాబో ఈసడించుకుంటాడు.

దీనికి ఇంకో కోణం ఉంది. ఈయన అధికారిక బిరుదు "కొత్త డయోనీసస్". డయోనీసస్ ద్రాక్షసారాకి, నాటకానికి, పూనకానికి దేవుడు. ఆ దేవుడి ఊరేగింపులో ఔలోస్ మోగాల్సిందే. కాబట్టి రాజు వాయించడం వట్టి సరదా కాకపోవచ్చు, దేవుడి వేషంలో చేసే కొలువు కావచ్చు. జనం మాత్రం బిరుదును వదిలేసి ఎగతాళి పేరునే పట్టుకున్నారు.

ఇంకో పేరు ఇంతకంటే పదునైనది: "నోథోస్", అంటే అక్రమ సంతానం. ఈయన తొమ్మిదో టోలెమీ కొడుకే, కానీ తల్లి ఎవరన్నది తేలదు. మామూలుగా అయితే సింహాసనం దాకా వచ్చేవాడే కాదు.

## వీలునామా అనే కత్తి

క్రీ.పూ. 80లో అలెగ్జాండ్రియా గందరగోళంగా ఉంది. తొమ్మిదో టోలెమీ పోయాక కూతురు మూడో బెరెనీకే ఏలుతోంది. రోమ్ నియంత సుల్లా తనకు నచ్చిన రాకుమారుణ్ని పంపించి, ఆమెకు భర్తగా, రాజుగా కూర్చోబెట్టాడు. పదకొండో టోలెమీ ఇతనే. మూడు వారాలు కూడా గడవకముందే పెళ్లాన్ని చంపించాడు. ఆమె అంటే ప్రాణం పెట్టే జనం అతన్ని పట్టుకుని చంపేశారు.

ఇక వంశంలో చెప్పుకోదగ్గ మగదిక్కు లేదు. అలెగ్జాండ్రియా పెద్దలు తొమ్మిదో టోలెమీ అక్రమ సంతానమైన ఇద్దరు కొడుకులను పిలిపించారు. ఒకడికి ఈజిప్టు, ఇంకొకడికి సైప్రస్.

ఇక్కడే అసలు చిక్కు. ఈ వంశంలో ఒక రాజు "నా తర్వాత ఈజిప్టు రోమన్ ప్రజలది" అని వీలునామా రాసిపోయాడని రోమ్‌లో ప్రచారం ఉంది. రాసింది పదో టోలెమీయా, పదకొండో టోలెమీయా అన్నది ఇప్పటికీ వాదనే. ఎక్కువమంది పండితులు పదో టోలెమీ వైపు మొగ్గుతారు. అసలు కాగితం ఉందా అనే అనుమానం రోమన్లలోనే ఉండేది.

దీన్ని మన ఊరి ఆస్తి తగాదాలా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మీరు ఇంట్లో ఉంటున్నారు, పన్ను కడుతున్నారు. కానీ పట్టా మీ పేరున లేదు. ఊళ్లో అందరికంటే బలమైన ఆసామి దగ్గర మీ పెదనాన్న రాసిన దస్తావేజు ఉందని పుకారు. ఆయన దాన్ని బయటపెట్టడు, చించనూ చించడు. మీరు ప్రతి పండక్కీ ఆయన గుమ్మంలో కానుక పెట్టి రావాల్సిందే.

మరి రోమ్ ఎందుకు ఊరుకుంది? ధర్మం తలచి కాదు. ఈజిప్టు ధాన్యాగారం. దాన్ని రోమ్‌లో కలిపే పని ఎవరికి అప్పగిస్తే వాడు మిగతా నాయకులందరినీ మించిపోతాడు. క్రీ.పూ. 65లో రోమన్ నాయకుడు క్రాసస్ ఈజిప్టును కప్పం కట్టే రాజ్యం చేద్దామన్నాడు, సహచరుడు కాటులుస్ అడ్డుకున్నాడు. 63లో ఈజిప్టు మీద చెయ్యి వేసే వీలున్న భూపంపిణీ చట్టం వస్తే రోమన్ వక్త, నాయకుడు సిసెరో దాన్ని పడగొట్టాడు. వాళ్ల కీచులాటే టోలెమీకి రక్ష. అయితే ఆ రక్షను ఉచితంగా అనుభవించనిచ్చే ఉద్దేశం అక్కడ ఎవరికీ లేదు.

## ఒక్క మాట ఖరీదు: లెక్క వేసి చూద్దాం

రోమ్ భాషలో "రోమన్ ప్రజల మిత్రుడు, భాగస్వామి" అన్నది ఉత్త మర్యాద కాదు. సెనేట్ (రోమ్ పెద్దల సభ) ఒక రాజుకి ఆ హోదా ఇస్తే అతని రాజ్యం అతనిదేనని ఒప్పుకున్నట్టే. వీలునామా కత్తి ఒరలోకి వెళ్లినట్టే.

టోలెమీ ముందు రోమన్ సేనాని పాంపేని పట్టుకున్నాడు. పాంపే యూదయా ప్రాంతంలో దండయాత్ర చేస్తుంటే 8,000 మంది ఆశ్వికుల ఖర్చు టోలెమీ భరించాడని, వెయ్యి మందికి వెయ్యి బంగారు గిన్నెలతో విందిచ్చాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ గిన్నెలు వడ్డన వడ్డనకీ మార్చారట.

అసలు బేరం క్రీ.పూ. 59లో కుదిరింది. ఆ ఏడు సీజర్ కాన్సుల్, అంటే రోమ్‌లో అందరికంటే పెద్ద పదవిలో ఉన్నాడు. పాంపే అతనికి రాజకీయ జతగాడు. ఇద్దరికీ కలిపి దాదాపు 6,000 టాలెంట్లు ముట్టాయని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ లెక్క. టోలెమీ అధికారికంగా "మిత్రుడు" అయ్యాడు.

టాలెంటు అంటే నాణెం కాదు, తూకం. గ్రీకు లెక్కలో సుమారు 26 కిలోల వెండి, లేదా 6,000 ద్రాక్మాలు. 6,000 టాలెంట్లంటే మూడు కోట్ల అరవై లక్షల ద్రాక్మాలు. ద్రాక్మాను రోమన్ దినారంతో సమానంగా లెక్కేయడం మామూలు. సీజర్ జీతాలు పెంచాక రోమన్ సైనికుడికి ఏడాదికి వచ్చింది 225 దినారాలు. భాగించి చూస్తే లక్షా అరవై వేల మంది సైనికుల ఏడాది జీతం. ఒక్క మాటకి.

ఈజిప్టుకి అది తట్టుకోగల మొత్తమేనా? ఇక్కడ సాక్షులు ఇద్దరు, లెక్కలు రెండు. రాజు ఆదాయం ఏడాదికి 6,000 టాలెంట్ల పైనే అన్నాడు డయోడొరస్. 12,500 అని సిసెరో చెప్పినట్టు స్ట్రాబో రాశాడు. మొదటిది నిజమైతే ఏడాది రాబడి మొత్తం, రెండోది నిజమైతే ఆరు నెలలకి కాస్త తక్కువ రాబడి పోయినట్టు. కానీ రాబడి అంతా మిగులు కాదు కదా. సైన్యం, గుళ్లు, కొలువు, కాలువలు. పదో వంతు మిగిలిందనుకుందాం. డయోడొరస్ లెక్కన ఆ అప్పు తీరడానికి పదేళ్లు, సిసెరో లెక్కన దాదాపు అయిదేళ్లు. అదీ వడ్డీ లేకుండా.

చేతిలో అంత రొక్కం లేదు గనక రోమన్ షావుకార్ల దగ్గర అప్పు చేశాడు. వాళ్లలో ముఖ్యుడు రబీరియస్ పోస్టుమస్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

## మిత్రుడయ్యాడు, ఏడాది తిరక్కుండానే మునిగాడు

క్రీ.పూ. 58లో రోమ్ సైప్రస్‌ను లాగేసుకుంది. అక్కడ రాజు టోలెమీ తోడబుట్టినవాడే, కానీ "మిత్రుడు" హోదా కొనుక్కోలేదు. రాజ్యం వదిలితే ఆఫ్రొడైటీ గుడిలో పూజారి పదవి ఇస్తామన్నారు. అతను విషం తాగాడు. ఆస్తులు అమ్మేసి కేటో అనే సెనేటర్ దాదాపు 7,000 టాలెంట్ల వెండి రోమ్‌కి మోసుకెళ్లాడు.

ఇంత జరిగినా టోలెమీ నోరెత్తలేదు. ఎలా ఎత్తుతాడు, నిన్నగాక మొన్నే కదా మిత్రుడయ్యింది! అలెగ్జాండ్రియా మండిపోయింది. పన్నులు పెంచి రోమ్‌కి పోశావు, సొంత రక్తం చస్తుంటే చూస్తూ కూర్చున్నావు అని జనం తిరగబడ్డారు. రాజు దేశం వదిలి రోడ్స్ దీవి చేరాడు.

అప్పుడు కేటో అక్కడే ఉన్నాడు. ఆయన తన దగ్గరికి వస్తాడని రాజు ఎదురుచూశాడు. అవసరం ఉంటే తననే రమ్మన్నాడు కేటో. ఆ సమయంలో ఆయన విరేచనాల మందు వేసుకుని ఉన్నాడని ప్లూటార్క్ రాశాడు. రాజు వస్తే లేవలేదు, ఎదురు రాలేదు, మామూలు మనిషికి చెప్పినట్టు కూర్చోమన్నాడు. కానీ సలహా మంచిదే ఇచ్చాడు: వెనక్కి వెళ్లు, నీ జనంతో రాజీ పడు, ఈజిప్టునంతా వెండిగా మార్చి పోసినా రోమ్ పెద్దల ఆశ తీరదు. రాజు ఒక క్షణం మెత్తబడ్డాడు. పక్కనున్నవాళ్లు మనసు మార్చేశారు. తర్వాత రోమ్‌లో మొదటి అధికారి గుమ్మం ముందు నిలబడినప్పుడు, ఆ మాట వినకపోతినే అని నిట్టూర్చాడట.

## రోమ్‌లో లంచాలు, హత్యలు, ఒక జోస్యం

పాంపే టోలెమీకి ఆల్బా కొండల్లోని తన బంగళాలో ఆశ్రయం ఇచ్చాడు. అక్కడ కూర్చునే కొత్త అప్పులు, కొత్త లంచాలు. ఈలోగా అలెగ్జాండ్రియా జనం ఈయన కూతురు బెరెనీకేని గద్దెనెక్కించి, వంద మంది రాయబారులను రోమ్ పంపారు, డియో అనే తత్వవేత్త నాయకత్వంలో. చాలామంది దారిలోనే హతమయ్యారు. కొందరు బెదిరిపోయి, కొందరు డబ్బుకి లొంగి నోరు మూసుకున్నారు. చివరికి డియో కూడా రోమ్‌లోనే హత్యకు గురయ్యాడు. ఆ వ్యవహారంలో నిందితులైన ఇద్దరి తరఫున వాదించింది సిసెరో. ఇద్దరూ బయటపడ్డారు.

టోలెమీని తిరిగి గద్దెనెక్కించాలని సెనేట్ ఒప్పుకుంది. ఎవరు ఎక్కించాలన్న దగ్గర పీటముడి పడింది. క్రీ.పూ. 56 మొదట్లో ఆల్బా కొండ మీది జూపిటర్ విగ్రహం మీద పిడుగు పడింది. సిబిల్లా జోస్య గ్రంథాలు తీస్తే వచ్చిన మాట ఇది: ఈజిప్టు రాజు సాయం కోరి వస్తే స్నేహం కాదనకండి, కానీ పెద్ద గుంపుతో సాయం చెయ్యకండి, చేస్తే కష్టాలే. ఇంత సరిగ్గా సమయానికి కుదిరే జోస్యం దేవుడు పలికించాడా, పాంపే గిట్టనివాళ్లు పలికించారా? సిసెరో తన ఉత్తరాల్లో దీన్ని భక్తితో కాదు, రాజకీయ ఎత్తుగా చూశాడు. ఏమైతేనేం, సైన్యం పంపే దారి మూసుకుపోయింది.

అక్కడ బెరెనీకేకి భర్త కావాలి. సిరియా రాకుమారుణ్నంటూ సెల్యూకస్ అనేవాడు వచ్చాడు. అలెగ్జాండ్రియా వాళ్లు అతనికి "ఎండుచేపలవాడు" అని పేరు పెట్టారు. వాడి మోటుతనం భరించలేక కొద్ది రోజుల్లోనే రాణి గొంతు పిసికించింది. తర్వాత వచ్చిన ఆర్కెలాస్ కాస్త నిలబడ్డాడు.

## అప్పులవాడే దివాను

క్రీ.పూ. 55లో సిరియా గవర్నర్ గాబినియస్ జోస్యాన్నీ, చట్టాన్నీ పక్కన పెట్టేసి ఈజిప్టులోకి నడిచాడు. అతనికి చెప్పిన ధర 10,000 టాలెంట్లు. ఇందాకటి లెక్కనే, పదో వంతు మిగులు పట్టుకుంటే సిసెరో అంకెల్లో ఎనిమిదేళ్లు, డయోడొరస్ అంకెల్లో పదహారేళ్ల పైమాట. ఆశ్విక దళానికి నాయకుడు కుర్రవాడైన మార్క్ ఆంటోనీ. పెలూసియం కోట పడ్డాక అక్కడి జనాన్ని నరికేయాలని టోలెమీ చూస్తే ఆంటోనీ అడ్డుపడ్డాడు. ఆర్కెలాస్ యుద్ధంలో చచ్చాడు. టోలెమీ గద్దె ఎక్కగానే కన్నకూతురు బెరెనీకేని చంపించాడు. ఊళ్లో డబ్బున్నవాళ్లు చాలామందిని కూడా. ఎందుకో వేరే చెప్పాలా, డబ్బు అవసరం.

ఇక రబీరియస్ వచ్చాడు. అప్పు ఎగ్గొడతాడన్న భయంతో నేరుగా ఈజిప్టు ఖజానాకి అధిపతి అయి కూర్చున్నాడు. "డియోయికెటీస్" అనే ఆ పదవిని మన లెక్కన దివానుగిరీ అనుకోవచ్చు. దేశం పన్నులు వసూలు చేసేది అప్పిచ్చినవాడే! రోమన్ టోగా వదిలి గ్రీకు బట్టలు కట్టుకోవాల్సి వచ్చిందని, అది అతనికి ఎంత తలవంపో అని సిసెరో తర్వాత కోర్టులో వాపోయాడు. అతని కాగితం, నార బట్టలు, గాజు సరుకు నింపుకున్న ఓడలు ఇటలీ రేవు పుటియోలీలో కనిపించాయని చెప్పుకున్నారు. జనం మరిగిపోయారు. రాజు అతన్ని జైల్లో పెట్టించాడు. అది శిక్షా, కాపాడే ఎత్తా అన్నది ఎవరి ఊహ వాళ్లది. క్రీ.పూ. 54 చివర్లో తప్పించుకుని రోమ్ చేరాడు. గాబినియస్‌ని రోమ్ కోర్టు దేశం నుంచి వెళ్లగొట్టింది. అతను ఈజిప్టులో వదిలిన సైనికులు మాత్రం అక్కడే పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడ్డారు.

ఈ పాలన చివర్లో కొట్టిన వెండి నాణేల్లో వెండి పాలు మూడో వంతు దగ్గరికి పడిపోయింది. చూడటానికి అదే నాణెం, మీద అదే ముద్ర.

## చెడ్డ రాజా, గడుసు రాజా?

వంశంలో అందరికంటే చెడ్డవాళ్లు ముగ్గురని, వారిలో ఈయన ఒకడని స్ట్రాబో తీర్పు. రాజవంశపు పుట్టుకా లేదు, రాజుకుండాల్సిన గుణమూ లేదని సిసెరో కాలంలో చెప్పుకున్న మాట. అయితే ఇవన్నీ రోమ్ గెలిచాక, లేదా రోమ్ కోర్టుల్లో వాదనకి పనికొచ్చేలా పుట్టిన మాటలు.

ఇటీవలి చరిత్రకారుల్లో కొందరు వేరేగా తూస్తారు. పశ్చిమాసియాలో ఒక్కో రాజ్యం రోమ్ నోట్లో పడుతున్న కాలం అది. సిరియా క్రీ.పూ. 64లో పోయింది, సైప్రస్ 58లో. ఈజిప్టు మాత్రం నిలబడింది, ఈయన చనిపోయాక ఇంకో ఇరవయ్యేళ్లు కూడా. యుద్ధంలో గెలవలేనివాడు డబ్బుతో కాలాన్ని కొన్నాడంటారు వీళ్లు. ఎర్రసముద్రం, హిందూ సముద్రాల వ్యవహారాలకి ఈయన హయాంలోనే ఒక అధికారి కనిపిస్తాడు, అంటే పాలన పూర్తిగా చచ్చుబడలేదు.

ఈజిప్టు పూజారులది మూడో గొంతు. మెంఫిస్ ప్రధాన పూజారి ప్షెన్‌ప్తా పద్నాలుగేళ్ల వయసులో, క్రీ.పూ. 76లో ఈ రాజు తల మీద నాగచిహ్నం పెట్టానని తన శిలాఫలకం మీద గర్వంగా చెక్కించుకున్నాడు. ఆ ఫలకం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎడ్‌ఫూ గుడి గోపురం మీద ఈ సన్నాయి రాజే శత్రువుల జుట్టు గుప్పిట పట్టి గద ఎత్తిన మహాఫారోలా నిలబడి ఉంటాడు. ఆ గుడికి తలుపులు బిగించింది క్రీ.పూ. 57లో. అప్పుడు రాజు ఇటలీలో అప్పు పత్రాలు రాస్తున్నాడు.

నాకైతే ఆయన తెలివితక్కువవాడిగా కనిపించడు. కొన్న సరుకు నిజంగానే విలువైనది. కానీ ఖరీదు చెల్లించిన రైతును ఒక్కసారీ అడగలేదు. "కాలాన్ని కొన్నాడు" అనేవాళ్లు ఈ పద్దు కూడా పక్కన రాసుకోవాలి. పైగా అమ్మినవాళ్లు అదే సరుకును మళ్లీ మళ్లీ అమ్మారు: 59లో ఒకసారి, 55లో ఇంకోసారి.

## పోయాక వచ్చిన వసూలు

టోలెమీ క్రీ.పూ. 51లో చనిపోయాడు. వీలునామాతో మొదలైన కథ కదా, తానూ ఒకటి రాసిపోయాడు: పద్దెనిమిదేళ్ల క్లియోపాత్రా, పదేళ్ల కొడుకు కలిసి ఏలాలి, రోమన్ ప్రజలు చూసుకోవాలి. ఒక ప్రతిని రోమ్ పంపించాడు. అది ఖజానాకి చేరాల్సింది, పాంపే ఇంట్లో ఆగిపోయింది.

క్రీ.పూ. 48లో సీజర్ చేతిలో ఓడిన పాంపే ఆ పాత స్నేహాన్ని నమ్ముకుని ఈజిప్టు తీరానికి వచ్చాడు. ఒడ్డు చేరకముందే చంపేశారు. చంపినవాళ్లలో సెప్టిమియస్ ఉన్నాడు, గాబినియస్ వదిలి వెళ్లిన సైన్యంలో అధికారి.

మూడు రోజుల తర్వాత సీజర్ దిగాడు. పోయిన రాజు పన్నెండో టోలెమీ తనకు కోటీ డెబ్బై అయిదు లక్షల ద్రాక్మాలు బాకీ అన్నాడు. అంటే 2,900 టాలెంట్ల పైచిలుకు. కొంత మాఫీ చేశాను, కోటి ఇప్పుడే కావాలి, సైన్యానికి తిండి పెట్టాలి అన్నాడు. కుర్రరాజు తరఫున చక్రం తిప్పుతున్న పోథినస్, ముందు మీ పెద్ద పనులు చూసుకోండి, డబ్బు తర్వాత పంపుతామన్నాడు. సీజర్ కదల్లేదు. పోథినస్ అతని సైనికులకు ముక్కిపోయిన గింజలు కొలిపించాడు. ఊరి సొమ్ము తింటున్నవాళ్లు నోరు మూసుకుని తినాలన్నాడు. రాజభవనం పంక్తిలో కొయ్య పళ్లేలు, మట్టి మూకుళ్లు పెట్టించాడు. బంగారం, వెండి సామాన్లన్నీ బాకీ కింద సీజర్ పట్టుకుపోయాడని అందరికీ చెప్పించాడు.